ఎనభై ఏడో విభాగంలో సైకిల్ ఫ్రేము

ఆ కార్డు రాసింది నేనే. ముందే ఒప్పేసుకోవడం మంచిది. మా గ్రేలీ బేలో ఈ కథ ఎవరు చెప్పినా చివర్లో "రాసిన చెయ్యి మాత్రం క్లెమ్ పర్డీది" అనకుండా వదలరు. ముప్పై నాలుగేళ్ళు ఈ ఊరికి ఉత్తరాలు పంచాను. వానలో పంచాను, బంగాళాదుంప చేల ఎర్రబురదలో పంచాను, పక్కింటి వెల్మా కుక్క నా పిక్క పట్టుకున్న రోజున కూడా పంచాను. ఒకరి ఉత్తరం ఇంకొకరి గుమ్మంలో ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. కార్డు మాత్రం గుర్తుంటుంది.

నోలా మా పక్కింటి మనిషి. ఇల్లు వాళ్ళక్క వెల్మాది. నోలా ఉండేది పెరట్లో, ఒకప్పుడు వెల్మా మొగుడు పడవ పెట్టుకున్న రేకుల షెడ్డులో. మొగుడూ పోయాడు, పడవా పోయింది, షెడ్డు మిగిలింది. దానికే ఒక కిటికీ, ఒక పొయ్యి తగిలించుకుని పదకొండేళ్ళుగా అక్కడ కాపురం ఉంటోంది.

పదిహేడో ఏట, మేముండే ఈ ద్వీపం వదిలి, సముద్రం అవతల మెల్‌బోర్న్ వెళ్ళి, కుళాయిలు చేసే ఫ్యాక్టరీలో చేరింది. నలభై ఒక్క ఏళ్ళు అక్కడే. ఇత్తడి కుళాయికి తళతళలాడే క్రోమ్ పూత వెయ్యక ముందు దాన్ని నున్నగా మెరుగుపెట్టాలి. వెంట్రుకంత గీత మిగిలినా పూత దాన్ని దాచదు, పదింతలు చేసి చూపిస్తుంది. ఆ మెరుగు పని నోలాది. గిర్రున తిరిగే గుడ్డ చక్రం ముందు నిలబడి రోజుకు మూడువందల కుళాయిలు. పని బాగుంటే తనిఖీ మనిషి ఏమీ అనడు, పెట్టె ముందుకు తోసేస్తాడు. బాగోకపోతే పసుపు మైనపు చాక్‌తో అడ్డంగా గీత కొడతాడు. ఇన్నేళ్ళలో తన పనిని ఎవరైనా చూశారనడానికి సాక్ష్యం ఆ గీతలే అంటుంది నోలా. అవి పదకొండట.

"పదకొండా? తేదీలు కూడా గుర్తున్నాయా?" అని ఒకసారి వెటకారం చేశాను.

"ఏడింటివి గుర్తున్నాయి. మిగతా నాలుగూ నా తప్పు కాదు, వాడి కళ్ళజోడు తప్పు," అంది.

మధ్యలో పెళ్ళి కూడా చేసుకుంది. రెండేళ్ళు చూసి, మనిషిని వాళ్ళమ్మ దగ్గరికి తిప్పి పంపేసింది. ఎందుకని అడిగితే "ఎంత తోమినా రంగు తేలలేదు" అంటుంది, అంతకు మించి చెప్పదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఒక చెవి అక్కడే వదిలేసి, అక్క దగ్గరికి వచ్చింది. ఇప్పటికీ కుడివైపు నుంచి పిలిస్తే పలకదు. నచ్చని మాటైతే ఎడమవైపు నుంచీ పలకదు.

వచ్చిన నెలకే వెల్మా ఇంట్లో మెరవగలిగినవన్నీ మెరిశాయి. తలుపు పిడులు, గిన్నెలు, కుక్క మెడ పట్టీ బిళ్ళ. తర్వాత చర్చి కొవ్వొత్తి స్తంభాల మీద పడింది. ఆ తర్వాత మా ఇంటి గోడ మీది ఇత్తడి నంబరు నాకు చెప్పకుండా ఊడదీసుకుపోయింది. నంబరు లేని ఇల్లని కొత్త పోస్ట్‌మాన్ మూడు రోజులు నా ఉత్తరాలు తిప్పి పంపాడు. నాకు! ముప్పై నాలుగేళ్ళు ఈ వీధికి ఉత్తరాలు మోసినవాడికి!

వెల్మా ప్రతాపం వేరు. ఆమెది స్పాంజి కేకు. ఏటా డిసెంబర్ మొదటి శనివారం మా ఊరి షో. ఒకవైపు ఆవులూ గొర్రెలూ, ఒకవైపు దుంగలు నరికే గొడ్డలి పందేలు, మధ్యలో పెద్ద హాల్లో కేకులు, జాములు, అల్లికలు, పూలు. మొదటి బహుమతికి నీలం రిబ్బన్, రెండోదానికి ఎర్ర రిబ్బన్. వెల్మాకు అప్పటికి ముప్పై ఆరు నీలం రిబ్బన్లు. వంటింటి గోడ నిండా గుండుసూదులతో గుచ్చింది. భోజనాల బల్ల సరిగ్గా వాటి కిందే ఉంది. అంటే నోలా రోజూ మూడు పూటలా అక్క రిబ్బన్ల నీడలో తినాలి.

ఒక సాయంత్రం కంచె మీద మోచేతులు ఆనించి నోలా అంది: "నాకూ ఒకటి కావాలి క్లెమ్."

"ఏంటి, కేకు ముక్కా?"

"రిబ్బన్. దాని కింద కార్డు మీద నా పేరు ఉండాలి. నవ్వకు. సరదాకి అనడం లేదు. అరవై తొమ్మిదొచ్చాయి, నేను చేసిన పని మీద నా పేరు ఎక్కడా లేదు. ఒక్కసారి చూసుకోవాలి."

నవ్వబోయి ఆగిపోయాను. ఆ మొహం చూశాక నవ్వు రాలేదు.

ఆ వారమే చెత్త దిబ్బ పక్కన, పారేసిన వాటిలో పనికొచ్చేవి ఏరి అమ్మే కొట్లో ఆమెకు ఒక సైకిల్ ఫ్రేము దొరికింది. చక్రాలు లేవు, హ్యాండిల్ లేదు, సీటు లేదు. లావుపాటి గొట్టాలు, వాటి మీద పొక్కులు లేచిన ఆకుపచ్చ రంగు. నోలా గోరుతో ఒక పొక్కు గీకింది. కింద అల్యూమినియం తెల్లగా తొంగిచూసింది. పది డాలర్లు ఇచ్చి, భుజాన వేసుకుని, ఊరి నడిబొడ్డు మీదుగా నడిచొచ్చింది. గొర్రెపిల్లను మోసుకొస్తున్న మనిషి మొహంలో కూడా అంత ఆనందం చూడలేదు నేను.

షో నిబంధనల పుస్తకంలో ఎనభై ఏడో విభాగం ఇలా ఉంటుంది: "పైన పేర్కొనని వస్తువు ఏదైనా. పూర్తిగా చేతితో తీర్చిదిద్దినది." ఏటా అందులోకి గవ్వల దీపాలు, ఊలుతో అల్లిన గాడిద బొమ్మలు వస్తాయి. సైకిల్ ఫ్రేము రావడం అదే మొదలు.

"పూర్తిగా చేతితో అన్నాడు. అంటే మిషన్ పనికిరాదు," అని, తన దగ్గరున్న చిన్న మెరుగు మిషన్ను తెచ్చి మా గరాజులో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాకే ఇచ్చింది. "నీ దగ్గరే ఉంచు. ఎంత అడిగినా ఇవ్వకు. కళ్ళెదుట ఉంటే నా చేతులు ఊరుకోవు."

రెండుసార్లు అడిగింది. ఇవ్వలేదు.

ఇక మూడు వారాలు మా రెండిళ్ళకూ గీకుడే సంగీతం. ముందు మందు పూసి రంగు ఊడగొట్టింది. తర్వాత ఎమరీ కాగితం నీళ్ళలో తడిపి రుద్దడం. మొదట గరుకుది, తర్వాత దానికన్నా మెత్తనిది, ఆ తర్వాత ఇంకా మెత్తనిది; నంబరు పెరిగే కొద్దీ కాగితం మెత్తన. ఒక కాగితం నిలువుగా రుద్దితే తర్వాతిది అడ్డంగా రుద్దాలి. మొదటి కాగితం గీతలు ఒక్కటి కూడా మిగలకుండా పోయేదాకా రెండోది వదలకూడదు. తొందరపడి ముందుకెళ్తే ఆ గీత చివర్లో బయటపడి వెక్కిరిస్తుంది. అన్నీ అయ్యాక పాత బనియన్ గుడ్డతో తెల్ల పేస్టు రాసి రుద్దాలి. అల్యూమినియానికి ఒక గుణం ఉంది. రుద్దే కొద్దీ గుడ్డ నల్లగా అవుతుంది, గొట్టం తెల్లగా అవుతుంది. నోలా చేతులు కూడా గుడ్డతో పాటే నల్లబడ్డాయి. వెల్మా ఆమెను వెన్న ముట్టుకోనివ్వడం మానేసింది.

పేస్టు జిడ్డు పోవడానికి పైన పొడి పిండి చల్లి తుడవాలట. ఒకరోజు మధ్యాహ్నం కంచె అవతల నుంచి వెల్మా కేక వినిపించింది.

"ఒసేయ్ నోలా! నా కార్న్‌ఫ్లోర్ డబ్బా మీద ఈ నల్ల వేళ్ళేంటే?"

"ఏ డబ్బా?"

"చెవిటిదానిలా నటించకు! స్పాంజిలోకి దాచుకున్న డబ్బా! ఇనప సామాను మీద పిండి చల్లుతారా ఎవరైనా? ఏ ఊళ్ళో ఉందే ఈ వంట?"

"ఇనుము కాదు, అల్యూమినియం."

"నా స్పాంజి బూడిద రంగులో దిగిందనుకో, ఆ అల్యూమినియం నీ మెళ్ళో వేసి సముద్రంలో తోస్తాను!"

"వేస్తే వేశావు గానీ, గుడ్డతో పట్టుకో. వేలిముద్రలు పడతాయి."

షో ముందు రోజు, శుక్రవారం పొద్దున్నే, వస్తువులన్నీ హాల్లో అప్పగించాలి. నోలా నిమ్మచెక్క, పంచదార వేసి గంటసేపు చేతులు తోముకుంది. గోళ్ళ సందుల్లో కూడా నలుపు లేకుండా కడుక్కుని, తెల్ల గ్లవుజులు తొడుక్కుని ఫ్రేము తెచ్చింది. ఫ్రేము బల్ల మీద పెట్టగానే హాలంతా ఒక్క క్షణం ఆగింది. పైకప్పు, కిటికీలు, పక్క బల్ల మీది స్వీట్‌పీ పూలు, అన్నీ ఆ గొట్టాల్లో ఒంపులు తిరిగి కనిపిస్తున్నాయి.

ఆ మధ్యాహ్నం తలుపులు మూసి జడ్జి చేత మార్కులు వేయిస్తారు. ఎనభై నుంచి తొంభై వరకు విభాగాలకు జడ్జి మిసెస్ ఎనిడ్ హాలక్. కొండ మీది ఊరి మనిషి, బళ్ళో వడ్రంగం నేర్పి రిటైరైంది. ముక్కుసూటి మనిషి. ఆమె వెనకాల కార్డులు పట్టుకుని నడిచే సహాయకుణ్ణి నేను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని పంతొమ్మిదేళ్ళుగా ఆ పని నాకు అంటగట్టారు. సహాయకుడికి ఒకటే నిబంధన. జడ్జి అడిగితే తప్ప నోరు విప్పకూడదు. వస్తువుకు నంబరే ఉంటుంది, పేరు మడతలో ఉంటుంది. అది ఎవరిదో కనుబొమ్మతో కూడా చెప్పకూడదు. ఆ పంతొమ్మిదేళ్ళలో నేను కనుబొమ్మ కదిలించలేదు. దాని గురించి కొంచెం పొగరు కూడా ఉండేది.

ఎనిడ్ ఫ్రేము ముందు ఆగింది. వంగింది. పై గొట్టంలో తన మొహం కనిపిస్తే అందులో చూసుకుంటూ టోపీ సర్దుకుంది. "బాగుందే," అంది. ఇంకాసేపు చూసింది. "మరీ బాగుంది," అని నడుం నిటారు చేసింది.

ఆ 'మరీ' నాకు నచ్చలేదు.

"రాయండి మిస్టర్ పర్డీ. 'దుకాణంలో క్రోమ్ పూత వేయించినది. చేతిపని జాడ లేదు. నిబంధనకు సరిపోదు.'"

నా పెన్ను కదల్లేదు. ఆ తాళంచెవి అప్పుడు కూడా నా జేబులోనే ఉంది.

"ఏమైంది, సిరా అయిపోయిందా?"

"లేదండి."

"మరేంటి?"

ఆమె అడిగింది. అడిగితే చెప్పొచ్చు. నిబంధన కూడా ఒప్పుకుంటుంది. కానీ పంతొమ్మిదేళ్ళ అలవాటు నా నోరు కట్టేసింది. "ఏం లేదండి," అన్నాను. గుండ్రటి అక్షరాలతో రాశాను. నీలం రిబ్బన్ ఊలు గాడిదకు వెళ్ళింది.

శనివారం పదింటికి తలుపులు తీశారు. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసే వచ్చారు. రిబ్బన్‌కు నప్పుతుందని నోలా నీలం గౌను వేసుకుంది. వెల్మా స్పాంజికి ముప్పై ఏడో నీలం వచ్చింది, ఆమె దాని వంక చూడను కూడా చూడకుండా చెల్లెలి చెయ్యి పట్టుకుని ఎనభై ఏడు దగ్గరికి లాక్కొచ్చింది. నేను జాము సీసాల వెనక నక్కి ఉన్నాను.

నోలా కార్డు చదివింది. మళ్ళీ చదివింది. తల తిప్పి సరిగ్గా జాము సీసాల వైపు చూసింది.

"క్లెమ్. ఇది నీ రాతే కదా?"

"ఆవిడ చెప్తే రాశాను."

"తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా?"

"ఉంది."

"సరే," అంది. అంతే. నాలుగు తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

తిట్టే పని వెల్మా తీసుకుంది. "సరే ఏంటే సరే! మూడు వారాలు నా ఇల్లు ఇసక దిబ్బ చేశావు, నా పిండి తగలేశావు, ఇప్పుడు సరేనా? ఏరా క్లెమ్, నోట్లో స్కోన్ బన్ను పెట్టుకున్నావా ఆ పూట?" అని నన్ను దులిపి, ఒంటికాలి మీద లేచి టీ గుడారంలోకి వెళ్ళి, జామూ క్రీమూ పూసుకున్న స్కోన్ చేతిలో ఉండగానే ఎనిడ్‌ను వెంటబెట్టుకొచ్చింది.

ఎనిడ్ వచ్చింది. భయపడలేదు, కోపగించుకోలేదు. "చేతితో చేసిందంటున్నారు. నాకు చూపించండి," అంది నోలాతో.

నోలా సంచిలోంచి తెల్ల గుడ్డ తీసింది, దాని మీద కాస్త పేస్టు వేసింది. ముందు మూలనున్న టీ డ్రమ్ము కుళాయిని పది సార్లు రుద్దింది. గుడ్డ తెల్లగానే ఉంది. "ఇది క్రోమ్," అంది. ఇంకో గుడ్డతో ఫ్రేము గొట్టాన్ని పది సార్లు రుద్దింది. గుడ్డ కాటుకలా నల్లబడింది. "ఇది అల్యూమినియం. పూత లేదు."

చుట్టూ చేరిన జనం "ఆహా" అన్నారు. ఎనిడ్ రెండు గుడ్డలూ వేళ్ళతో పట్టుకుని చూసింది.

"క్రోమ్ కాదు. పొరబడ్డాను. కానీ మిషన్‌తో చేస్తే కూడా ఇలాగే వస్తుంది కదా?"

అప్పుడు నా నోరు పెగిలింది. "మిషన్ నా గరాజులో ఉందండీ! తాళంచెవి ఇదిగో!"

"మీరు పక్కింటివారు మిస్టర్ పర్డీ. పైగా నిన్న అడిగితే ఏం లేదన్నారు," అంది ఎనిడ్. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో ఆ రోజు బోధపడింది.

నోలా కాసేపు ఫ్రేము వంక చూసింది. తర్వాత చెయ్యి చాచింది. "నాలుగువందల నంబరు ఎమరీ కాగితం ఎవరైనా తెచ్చిపెట్టండి. నీళ్ళు కూడా."

వడ్రంగుల బల్ల నుంచి కాగితాలు వచ్చాయి. స్పాంజి కలిపే గిన్నెలో నీళ్ళు నేనే పరుగెత్తి తెచ్చాను. నోలా గ్లవుజులు విప్పి, కాగితం తడిపి, అద్దంలాంటి ఆ పై గొట్టం నడిమధ్యన జానెడు మేర బర్రున గీకేసింది.

"అయ్యయ్యో!" అని హాలంతా అరిచింది. వెల్మా కళ్ళు మూసుకుంది. మూడు వారాల మెరుపు మూడు నిమిషాల్లో మసక రాయిలా అయిపోయింది.

"ఇప్పుడు మళ్ళీ చేస్తాను. కుర్చీ వేసుకుని చూడండి," అంది ఎనిడ్‌తో.

పదకొండుకు మొదలైంది. బయట గొడ్డలి పందేల చివరి ఆట, దుంగల మీద దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి, అటు వెళ్దామని ఎవరూ కదల్లేదు. నోలా పని చేస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క బిగిని అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. ఏ గీత ఎక్కడ దాక్కుంటుందో, వేలి కొసకు ఏది ఎలా తెలుస్తుందో, కుళాయి మెడ దగ్గర ఎంత ఒడుపుగా తిప్పాలో, అన్నీ. మధ్యలో నా వైపు కాగితం తోసింది. "రుద్దు. అడ్డంగా. నేను ఆపమనేదాకా." అయిదు నిమిషాలకు నా భుజం ఊడి కింద పడుతుందనిపించింది. "ఆపనా?" అంటే "వినిపించలేదు" అంది, కుడిచెవి నా వైపు పెట్టి. జనం పగలబడి నవ్వారు. నాకు తగిన శాస్తే.

ఒంటిగంటకు పేస్టు. చేతులు మణికట్టు దాకా నలుపు, నీలం గౌను మీద నల్ల చుక్కలు. రెండింటికి జిడ్డు తియ్యాలి. "పిండి..." అని ఆమె అటూ ఇటూ చూసేలోపే వెల్మా తన సంచిలోంచి డబ్బా తీసి గుప్పెడు కార్న్‌ఫ్లోర్ స్వయంగా గొట్టం మీద చల్లింది. "చూస్తావేంటి, తుడువు," అంది.

నోలా తుడిచింది. ఎనిడ్ కళ్ళజోడు పెట్టుకుని వంగింది. అప్పటికి మూడు గంటలుగా ఆమె ఆ కుర్చీలోంచి లేవలేదు, చేతిలో స్కోన్ తినలేదు. గొట్టంలో ఆమె మొహం కనిపించింది.

"నాదే తప్పు," అంది అందరికీ వినబడేలా. "నలభై ఏళ్ళు పిల్లలకు చేతిపని నేర్పాను, చేతిపని కనుక్కోలేకపోయాను. క్షమించండి."

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఊలు గాడిద మెళ్ళో నీలం రిబ్బన్ విప్పబోయారు. ఎనిడ్ చెయ్యి ఎత్తి ఆపింది.

"మిస్టర్ పర్డీ, పద్నాలుగో నిబంధన చదవండి."

నాకు తెలుసు అది. చదివాను. "తీర్పు అయిన తర్వాత ఏ మార్పు చేసినా ఆ వస్తువు పోటీలో లేనట్టే."

హాలు గోలగోలైంది. వెల్మా ఎనిడ్ మీదికి వెళ్ళబోతే ఇద్దరు పట్టుకున్నారు. ఎనిడ్ మొహం పాలిపోయింది గానీ మాట మార్చలేదు. నోలా నల్లటి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాకు రిబ్బన్ కావాలి," అంది నెమ్మదిగా. "చాలా కావాలి. ఏడుపొస్తోంది నిజంగా." మళ్ళీ తనే అంది: "కానీ నిబంధన నిబంధనే. గీత ఉంటే ఉన్నట్టే."

సాయంత్రం ఫ్రేము ఇంటికి మోస్తూ నేను అన్నాను: "నోలా, తప్పయిపోయింది. నేను నోరు విప్పాల్సింది."

"విప్పాల్సిందే," అంది. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు వచ్చి మిషన్ తీసుకుపోయింది. తాళంచెవి ఇస్తుంటే "ఇది మాత్రం బాగా దాచావు," అంది, అక్కడికి రాజీ కుదిరింది.

మరుసటి ఏడు నిబంధనల పుస్తకంలో కొత్త విభాగం ఒకటి వచ్చింది: "లోహం. చేతితో మెరుగుపెట్టినది." ఒకసారి చూపిన వస్తువును మళ్ళీ పెట్టకూడదు కాబట్టి నోలా చెత్త దిబ్బ కొట్లో ఇంకో ఫ్రేము సంపాదించింది. ఈసారిది సన్న గొట్టాలది. మళ్ళీ మూడు వారాల గీకుడు. మిషన్ మళ్ళీ మా గరాజులోకి.

శుక్రవారం మధ్యాహ్నం ఆ బల్ల మీద ఉన్నది ఆ ఒక్క ఫ్రేమే. ఇంకెవరూ పోటీకి రాలేదు. ఎనిడ్ వచ్చింది. సంచిలోంచి టార్చి తీసింది, తర్వాత పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే పొడుగు పిడి అద్దం తీసింది. ఆ అద్దం ఈ పని కోసమే కొన్నదట. నలభై నిమిషాలు ఆ ఫ్రేము చుట్టూ తిరిగింది, కిందకి దూరింది, ప్రతి మూలలోకి అద్దం పెట్టి చూసింది.

"రాయండి. రెండో బహుమతి."

ఈసారి నేను ఊరుకోలేదు. అడక్కుండానే నోరు విప్పాను. "అదేంటండీ, ఉన్నదే ఒక్కటి కదా! మొదటిది ఎవరికి?"

"ఎవరికీ లేదు."

"ఎందుకు లేదండీ?"

"ఇది చేసిన మనిషి ఇంతకన్నా బాగా చెయ్యగలదు. నేను కళ్ళారా చూశాను," అంది ఎనిడ్. "ఇంకా రాయండి, చెప్తాను."

శనివారం నోలా వచ్చింది. ఎర్ర రిబ్బన్, దాని కింద కార్డు. గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను: "రెండో బహుమతి. నోలా థర్కెల్. వెనక గొట్టాలు రెండూ కలిసే చోట, లోపలి వైపు, నాలుగువందల కాగితం గీత ఒకటి మిగిలింది."

వెల్మా అంతెత్తున లేచింది. "ఒక్కతే పరిగెత్తి రెండోదిగా వచ్చిన మనిషిని ప్రపంచంలో ఎక్కడైనా చూశామా? ఈసారి ఆ ఎనిడ్‌ను..."

నోలా వినిపించుకోలేదు. నా దగ్గర టార్చి అడిగి తీసుకుంది. మంచి గౌనుతోనే నేల మీద మోకరిల్లి, తల వంచి, ఫ్రేము కిందకి చాలాసేపు చూసింది. లేచేసరికి కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"ఉంది," అంది. "అక్కడే ఉంది. అక్కడికి వేలు పట్టలేదు, వదిలేశాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను."

తర్వాత టీ గుడారంలోకి వెళ్ళి ఎనిడ్ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. స్కోన్లు చల్లారిపోయేదాకా ఆ ఇద్దరూ ఆ గీత గురించే మాట్లాడుకున్నారు.